భూగర్భంలో కుంపటి

పిల్లలూ! కిరసనాయిలు డబ్బా దగ్గరికి అగ్గిపుల్ల తీసుకుపోతే అమ్మ ఏం చేస్తుంది? వీపు మీద ఒకటి వేసి, అగ్గిపెట్టె లాక్కుంటుంది. పెట్రోలు బంకులో చుట్ట గాని, సిగరెట్టు గాని కాల్చరాదని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. నూనె ఉన్నచోట నిప్పు ఉండరాదని మనకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

అయితే మన దేశంలోనే, గుజరాత్ రాష్ట్రంలో మెహసాణా పట్టణం చుట్టుపక్కల, ఇంజనీర్లు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పని చేశారు. అక్కడ నేల అడుగున సుమారు కిలోమీటరు లోతులో ముడిచమురు ఉన్నది. వారు ఆ చమురుకే నిప్పు పెట్టారు! పొరపాటున కాదు, ఏళ్ళ తరబడి లెక్కలు వేసి, కావాలనే పెట్టారు. పెట్టిన తరువాత ఆ నిప్పు ఆరిపోకుండా రాత్రింబవళ్ళు కాపలా కాశారు.

"చమురు కావాలని బావి తవ్వి, ఆ చమురునే తగలబెట్టడమా? ఇదెక్కడి విడ్డూరం!" అంటారు మీరు. విడ్డూరమే. కాని దీని వెనక చాలా తెలివి ఉన్నది. అదేమిటో నిదానంగా తెలుసుకుందాం.

రాతిలో చమురు

భూమిలో చమురు చెరువులాగా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. బాగా ఎండిన ఇటుకను ఒకదాన్ని నీళ్ళ తొట్టిలో వేసి చూడండి. బుడబుడమని బుడగలు వస్తాయి. కాసేపటికి పైకి తీస్తే ఇటుక బరువెక్కి ఉంటుంది. నీరు ఎక్కడికి పోయింది? ఇటుకలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలున్నాయి. వాటిలో ఉన్న గాలిని బయటికి నెట్టి నీరు లోపల చేరింది. భూగర్భంలో చమురు కూడా ఇలాగే ఇసుకరాతి రంధ్రాలలో దాగి ఉంటుంది.

ఆ రాయి మీద ఎంతో మట్టి, ఎంతో రాయి, ఎంతో నీరు ఉన్నాయి కదా. అందుచేత లోపలి చమురు గొప్ప ఒత్తిడికి లోబడి ఉంటుంది. బోరుబావి తవ్వి దారి ఇస్తే, ఆ ఒత్తిడి చమురును బావిలోకి నెడుతుంది. చమురు పలుచనిదైతే గబగబా వస్తుంది. చిక్కనిదైతే కదలదు. మెహసాణా చమురుతో వచ్చిన చిక్కల్లా ఈ చిక్కదనమే!

చమురులో చిక్కదనం ఏమిటో మీకు తెలియాలంటే ఒక చల్లని ఉదయాన అమ్మనడిగి ఆముదం సీసా తీసుకోండి. ఒక చెంచాతో నీళ్ళు, మరో చెంచాతో ఆముదం తీసుకుని రెంటినీ వంచండి. నీరు టక్కున పడిపోతుంది. ఆముదం తీగలాగా సాగుతూ, బద్ధకంగా దిగుతుంది. ఇరవై డిగ్రీల వేడి దగ్గర ఆముదం నీటికంటే సుమారు వెయ్యి రెట్లు జిగట. ఇప్పుడు ఆముదం గిన్నెను కాసేపు వేడినీళ్ళలో ఉంచి, మళ్ళీ చెంచాతో వంచండి. ఎంత హాయిగా జారుతుందో చూడండి. తలకు పట్టించే ముందు అమ్మమ్మ ఆముదాన్ని ఎందుకు గోరువెచ్చన చేస్తుందో ఇప్పుడు మీకు తెలిసింది. వేడి జిగటకు విరుగుడు. ఈ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకోండి.

మెహసాణా దగ్గర బాలోల్, సాంతాల్ అనే చోట్ల చమురు ఉన్నదని 1970 ప్రాంతాలలో కనుగొన్నారు. బాలోల్ అడుగున రాయి దానంతటదే సుమారు 70 డిగ్రీల వేడిగా ఉంటుంది. అంత వేడిలో కూడా అక్కడి చమురు నీటికంటే కొన్ని వందల రెట్లు జిగటగా ఉన్నది!

చమురు ఇలా ఎందుకు చిక్కబడుతుంది? చాలాచోట్ల ఇందుకు కారణం సూక్ష్మజీవులు. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తిని, మిగిలింది పళ్ళెంలో వదిలేసే పిల్లవాడిని మీరు చూసే ఉంటారు. (మీరే కాకపోతే మంచిదే!) భూమి పొరలలోని సూక్ష్మజీవులు కూడా లక్షల సంవత్సరాల పాటు చమురులోని తేలిక భాగాలను ఏరుకుని తినేస్తాయి. తారులాంటి బరువు భాగాలు మిగిలిపోతాయి. అదే భారచమురు.

నీరు చేసే తొందర

బాలోల్‌లో ఇంకొక ఇబ్బంది ఉన్నది. చమురు పొర అంచున నీరు ఉన్నది. బావిలోంచి చమురు తోడుతుంటే ఆ నీరు వెనకనుంచి నెట్టుకు వస్తుంది. చమురు పలుచనిదైతే ఇది మేలే, నీరు చమురును ముందుకు తోస్తుంది. కాని చమురు చిక్కనిదైతే ఏమవుతుంది? ఇరుకు దారిలో ధాన్యం బస్తాల బండి మెల్లగా పోతున్నదనుకోండి. వెనక వచ్చే సైకిలువాడు ఎంతసేపు ఆగుతాడు? సందు చూసుకుని పక్కనుంచి దూసుకుపోతాడు. నీరు కూడా అంతే. చమురును తోయటం మాని, పక్కనుంచి దారి చేసుకుని ముందే బావి చేరుకుంటుంది. ఆపైన బావిలోంచి నీళ్ళే ఎక్కువగా వస్తాయి, చమురు రాతిలోనే ఉండిపోతుంది.

వంద బిందెల చమురు రాతిలో ఉన్నదనుకుందాం. మామూలు పద్ధతిలో అక్కడ తీయగలిగేది ఎంత? ఎక్కువలో ఎక్కువ 13 బిందెలని ఇంజనీర్లు లెక్క కట్టారు. 87 బిందెలు భూమిలోనే మిగిలిపోతాయి. మన దేశం తనకు కావలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్ళకు పైగా పరదేశాల నుంచి కొనుక్కుంటున్నది. అటువంటి దేశానికి 87 బిందెలు కళ్ళెదుట పెట్టుకుని ఊరుకోవటం కష్టమే కదా.

వేడి జిగటకు విరుగుడని మనకు తెలుసు. అయితే పైన బాయిలరు పెట్టి నీటిని ఆవిరి చేసి బావిలోకి పంపరాదా? పంపవచ్చు. లోతు తక్కువైన చోట్ల అలాగే చేస్తారు. కాని కిలోమీటరు లోతుకు పోయేసరికి దారిలో గొట్టం చుట్టూ ఉన్న నేలే చాలా వేడిని తాగేస్తుంది. పొరుగూరి నుంచి మోసుకొచ్చిన వేడినీళ్ళతో మీ ఇంట్లో అన్నం వండగలరా? అందుకని శాస్త్రజ్ఞులు, "వేడిని పైనుంచి మోసుకుపోవటం దేనికి? పొయ్యినే కిందికి దించుదాం. వంటచెరకు అక్కడే ఉన్నది" అని ఆలోచించారు.

పాత ఆలోచనే

ఈ ఆలోచన ఈనాటిది కాదు. మూలకాల పట్టికను తయారుచేసిన రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ 1888లోనే, బొగ్గును గనిలోంచి తవ్వి తీయకుండా భూమిలోనే మండించి దాని వాయువును పైకి తెచ్చుకోవచ్చునని సూచించాడు. చమురు సంగతి వేరేగా తెలిసింది. 20వ శతాబ్దం మొదటి రోజులలో అమెరికాలో కొందరు చమురును తోయటానికి బావులలోకి గాలి పంపేవారు. కొన్నిచోట్ల, పంపిన గాలి పక్క బావిలోంచి బయటికి వచ్చేసరికి అందులో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగి ఉన్నది. మనం ఊపిరి వదిలినప్పుడు కూడా అంతే కదా. అంటే లోపల ఏదో నెమ్మదిగా మండుతున్నదన్నమాట! 1920ల నాటికి అమెరికాలో ఈ పద్ధతికి పేటెంటు హక్కులు తీసుకున్నారు. 1930లలో సోవియట్ దేశంలో ప్రయత్నించి చూశారు. 1950లలో అమెరికాలో ప్రయోగాలు ముమ్మరమయ్యాయి.

రుమేనియా దేశంలో సుప్లాకు దె బర్కావు అనే చోట 1964లో చిన్న ప్రయోగంగా నిప్పు పెట్టారు. అది పనిచేసింది. క్రమంగా దాన్ని విస్తరించారు. అక్కడి నిప్పు వరస పది కిలోమీటర్ల పొడవుకు పెరిగి, అర్ధశతాబ్దానికి పైగా సాగింది. అయితే అక్కడి చమురు నేలకు చాలా దగ్గరగా ఉన్నది. బాలోల్‌లో ఉన్నది కిలోమీటరు లోతున.

మన చమురు, సహజవాయు సంస్థవారు బాలోల్‌లో 1990లో చిన్నచోట ప్రయోగం మొదలుపెట్టారు. ఏడేళ్ళ పాటు చూసి, నేర్చుకుని, 1997లో బాలోల్‌లోనూ, సాంతాల్‌లోనూ పెద్ద ఎత్తున సాగించారు.

నిప్పు రాజేయటం

నిప్పుకు మూడు కావాలి: మండే పదార్థం, వేడి, గాలి. మండే పదార్థం లోపలే ఉన్నది. గాలి మాత్రం అక్కడ బొత్తిగా లేదు. కనుక గాలిని పంపాలి. ఎంత బలంతో పంపాలో మీరే లెక్క కట్టగలరు. పది మీటర్ల లోతు నీరు సుమారు ఒక వాతావరణపు ఒత్తిడి కలిగిస్తుందని సైన్సు పుస్తకంలో చదివారు. మరి వెయ్యి మీటర్ల లోతున? వంద వాతావరణాలు! బావిలోకి పంపే గాలి దీనికంటే గట్టిగా నెట్టాలి. లేకపోతే అది లోపలికి పోదు. ఇందుకోసం కంప్రెసర్లు అనే పెద్ద యంత్రాలు గాలిని అదిమి అదిమి గొట్టాలలోకి పంపుతాయి.

ఇక వేడి. బావిలోకి ఒక బర్నరును గాని, విద్యుత్తుతో పనిచేసే హీటరును గాని దించి, రాతిని బాగా వేడిచేస్తారు. కొన్నిచోట్ల ఇదీ అక్కరలేదు. తడి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల దానంతటదే వేడెక్కటం, ఒక్కొక్కప్పుడు వామి అంటుకోవటం పల్లెటూళ్ళ పిల్లలకు తెలుసు. వేడి రాతిలోని చమురు కూడా గాలి తగిలితే నెమ్మదిగా వేడెక్కి, కొన్నాళ్ళకు తనంతట తానే రాజుకోవచ్చు.

నిప్పు రాజుకున్నాక బర్నరు పని అయిపోయింది. ఇక గాలి పంపుతూ ఉంటే చాలు. నిప్పు గాలిబావి దగ్గర మొదలై, చుట్టూ ఉన్న చమురుబావుల వైపు నెమ్మదిగా జరుగుతుంది. ఎంత నెమ్మదిగానంటే, రోజుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. రోజుకు 5 సెంటీమీటర్లు అనుకోండి. ఏడాదికి సుమారు 18 మీటర్లు. 180 మీటర్ల దూరాన ఉన్న బావిని చేరటానికి పదేళ్ళు! మూడవ తరగతి చదివే పిల్లవాడు కాలేజీలో చేరేటంత కాలమన్నమాట.

రాతిలో ఒక ప్రయాణం

మనం చీమకంటే చిన్నవాళ్ళమై, వేడికి కాలని దేహాలతో, గాలిబావి దగ్గర నుంచి చమురుబావి వరకు రాతి రంధ్రాలలో నడిచి వెళుతున్నామనుకుందాం.

మొదట మనకు శుభ్రమైన ఇసుక కనిపిస్తుంది. ఇందులో చమురు చుక్క కూడా లేదు, నిప్పు దీన్ని దాటిపోయింది. కాని ఇసుక ఇంకా కొలిమిలాగా వేడిగా ఉన్నది. వెనకనుంచి వచ్చే గాలి ఇక్కడ వేడెక్కుతూ ముందుకు పోతున్నది.

తరువాత నిప్పు. ఇది మనం ఊహించే భోగిమంట కాదు. ఎర్రని నాలుకలు లేవు. కుంపటిలో బొగ్గులు కణకణలాడినట్లు, రాతి రంధ్రాల గోడలకు అంటుకున్న నల్లని పదార్థం కాలుతున్నది. వేడి 400 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువు అంతా ఇక్కడే ఖర్చయిపోతుంది.

అందుచేత నిప్పును దాటి ముందుకు పోతే వేడి ఉన్నది గాని, ప్రాణవాయువు లేదు. బొగ్గుల బట్టీ జ్ఞాపకం చేసుకోండి. కట్టెలు పేర్చి, మట్టి కప్పి, గాలి చాలకుండా వేడి చేస్తే కట్టె బూడిద కాదు, బొగ్గవుతుంది. ఇక్కడ చమురుకు అదే జరుగుతుంది. గాలి లేని ఆ వేడికి చమురులోని పెద్ద అణువులు పుటుక్కున విరిగి చిన్న అణువులవుతాయి. చిన్న అణువుల చమురు పలుచన. విరగగా మిగిలిన బొగ్గు రాతికి అంటుకుని ఉండిపోతుంది. పాలు అడుగంటితే గిన్నెకు అంటుకునే మాడు లాంటిదన్నమాట. దీన్ని కోకు అంటారు. నిప్పు రేపు ఇక్కడికి వచ్చినప్పుడు తినేది ఈ మాడునే.

ఇంకా ముందుకు పోతే నీటి ఆవిరి. నేల ఒత్తిడి ఎక్కువ గనుక, ప్రెషరు కుక్కరులో లాగా, ఇక్కడ నీరు నూరు డిగ్రీలకు మరగదు, అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ఆ ఆవిరితో పాటు చమురులోని తేలిక భాగాలు కూడా ఆవిరై ముందుకు సాగుతాయి. చల్లని రాయి తగలగానే, అన్నం గిన్నె మూతకు ఆవిరి తగిలి చుక్కలైనట్లు, మళ్ళీ చుక్కలవుతాయి. ఆ పలుచని చుక్కలు చిక్కని చమురులో కలిసి దాన్ని కూడా పలుచబరుస్తాయి. బొగ్గుపులుసు వాయువు కూడా చమురులో కరిగి అదే మేలు చేస్తుంది. గాలిలో నూటికి 78 పాళ్ళు ఉన్న నత్రజని ఊరికే ఉండదు, అది వెనకనుంచి తోస్తూ ఉంటుంది.

ఇక చివరన, వేడినీటికి ముందు, కదలటం మొదలుపెట్టిన చమురు గుంపుగా చమురుబావి వైపు సాగిపోతుంది. ఇక్కడితో మన ప్రయాణం పూర్తి అయింది.

మరి చమురంతా కాలిపోదా?

మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి ఈ ప్రశ్న అడగాలనుకుంటూ ఉంటారు. పోదు. నిప్పుకు ముందున్న చమురు నిప్పునుంచి పారిపోతున్నది కదా. నిప్పుకు దొరికేది పారిపోలేక రాతికి అంటుకున్న మాడు మాత్రమే. వంద బిందెలలో సుమారు 5 నుంచి 10 బిందెల పాటి చమురు ఇలా ఖర్చవుతుంది. అది కూడా అన్నిటికంటే పనికిరాని భాగం. బదులుగా ఏమి వస్తుంది? మెహసాణాలో మామూలుగా 13 బిందెలకు మించి రానిచోట, ఈ పద్ధతిలో 39 నుంచి 45 బిందెల దాకా రాగలవని ఇంజనీర్లు అంచనా వేశారు.

ఇంకొక లాభం కూడా ఉన్నది. మామూలుగా భారచమురును పైకి తెచ్చి, శుద్ధి కర్మాగారంలో గొప్ప వేడిమీద దాని అణువులను విరగగొట్టి పెట్రోలు, డీజిలు తీస్తారు. ఇక్కడ ఆ పని కొంత భూమిలోనే జరిగిపోతున్నది. రాయే కర్మాగారం, మాడే వంటచెరకు!

అర్ధాకలి నిప్పు

ఇదంతా చదివి, గాలి ఊది కూర్చుంటే చాలునని అనుకోవద్దు. అసలు కష్టం ఇక్కడే ఉన్నది.

గాలి తక్కువైతే నిప్పు నీరసిస్తుంది. వేడి తగ్గుతుంది. అప్పుడు ప్రాణవాయువు చమురును కాల్చలేదు, ఊరికే పోనూపోదు. పోయి చమురు అణువులకు అంటుకుంటుంది. దానితో చమురు పలుచబడటం మాట అటుంచి, మునుపటికంటే చిక్కబడుతుంది! అసలు నిప్పు పెట్టకపోయినా బాగుండేదనిపిస్తుంది. అందుకనే ఒకసారి రాజేశాక కంప్రెసర్లను ఇష్టం వచ్చినట్లు ఆపటానికి వీలులేదు.

గాలి దారితప్పితే మరొక ప్రమాదం. గాలి తేలిక గనుక చమురు పొర పైభాగాన చేరి, సందు దొరికితే నిప్పును దాటి నేరుగా చమురుబావిలోకి దూసుకుపోవచ్చు. బావిలో మండే వాయువులు, వాటితో ప్రాణవాయువు కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పేలుతుంది. అందుచేత చమురుబావుల నుంచి వచ్చే వాయువును తరచు పరీక్షిస్తూ ఉంటారు. వైద్యుడు నాడి చూసినట్లే అనుకోండి. బొగ్గుపులుసు వాయువు బాగా వస్తున్నదంటే లోపల నిప్పు ఆరోగ్యంగా ఉన్నదని అర్థం. ప్రాణవాయువు కనిపించిందంటే గాలి తగ్గించటమో, ఆ బావిని మూసివేయటమో వెంటనే చేయాలి. కిలోమీటరు లోతున ఉన్న నిప్పును ఎవరూ కంటితో చూడలేరు. దాని ఊపిరిని బట్టే దాని సంగతి తెలుసుకోవాలి.

"ఆ నిప్పు అదుపు తప్పి ఊళ్ళను కాల్చదా?" అని అమ్మలు భయపడవచ్చు. భయపడటం తప్పు కాదు. కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఒక బావినుంచి వాయువు ఎగదన్ని అంటుకుని, 65 రోజులు మండింది. ఆ మంటను మన పెద్దలు మరిచిపోలేదు. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనులలో నిప్పును మొదటిసారి 1916లో గుర్తించారు. నూరేళ్ళు దాటినా అక్కడి మంటలు పూర్తిగా ఆరలేదు, నేల కుంగి ఇళ్ళు కూలాయి.

ఈ రెండు చోట్లా నిప్పుకు గాలి ఎవరు ఇచ్చారు? ఎవరూ ఇవ్వలేదు, అదే తీసుకున్నది. పాశర్లపూడిలో వాయువు బయటికి వచ్చి ఆరుబయట గాలిలో మండింది. ఝరియాలో బొగ్గు నేలకు దగ్గరగా ఉన్నది, తవ్విన గనుల గుండా, నేల బీటల గుండా గాలి లోపలికి పోతున్నది. దాన్ని ఆపటం ఎవరి తరమూ కాలేదు. బాలోల్‌లో నిప్పు కిలోమీటరు మందం మట్టి, రాళ్ళ కింద ఉన్నది. అక్కడికి గాలి పోయే దారి ఒక్క గొట్టమే. ఆ గొట్టం మీట మనిషి చేతిలో ఉన్నది. మీట కట్టేస్తే నిప్పుకు ఊపిరి ఉండదు. దీపం మీద గ్లాసు బోర్లిస్తే ఏమవుతుందో పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని చూడండి. అదీ సంగతి. అయితే మీట దగ్గర కూర్చున్న మనిషి నిద్రపోరాదు.

నీళ్ళు పోసి నిప్పును బాగుచేయటం

ఇంకొక తమాషా చెబుతాను. నిప్పు దాటిపోయిన ఇసుక ఇంకా కొలిమిలాగా వేడిగా ఉంటుందన్నాను కదా. ఆ వేడి వెనకనే ఉండి వృథా అయిపోతున్నది. దాన్ని ముందుకు తెచ్చేదెలా? గాలితో పాటు నీటిని కూడా పంపి! నీరు వేడి ఇసుకలో ఆవిరై, ఆ వేడిని మూటగట్టుకుని నిప్పును దాటి ముందుకు పోయి చమురుకు అందిస్తుంది. దీన్ని తడిదహనం అంటారు. బాలోల్‌లో కూడా ఇలా చేశారు. నిప్పు మీద నీళ్ళు పోస్తే ఆరిపోతుందని మనకు తెలుసు. తగుమాత్రంగా పోస్తే మాత్రం పని బాగా జరుగుతుంది. ఎక్కువ పోస్తే ఆరిపోవటం నిజమే.

1990లలో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కం గ్రీవ్స్, ఆయన తోటివారు ఇంకొక మార్పు ఆలోచించారు. మామూలుగా చమురు బావినుంచి బావికి చాలా దూరం చల్లని రాతిలో నడవాలి. అలాకాక, చమురు పొర అడుగున చాప పరిచినట్లు అడ్డంగా ఒక బావి తవ్వితే? నిప్పు పైన సాగుతూ ఉంటే, పలుచబడిన చమురు చటుక్కున కింద ఉన్న బావిలోకి జారిపోతుంది. ఆ బావి చుట్టూ శుద్ధి కర్మాగారాలలో వాడే ఉత్ప్రేరకపు గుళికలు నింపితే, చమురు వాటి గుండా వస్తూ ఇంకా శుభ్రపడుతుంది. ప్రయోగశాలలో ఇది చక్కగా జరిగింది. కెనడాలోని ఆల్బర్టాలో 2006లో అడ్డబావితో నేలమీద ప్రయోగం మొదలుపెట్టారు. చమురు కొంత మెరుగుపడి వచ్చింది గాని, అనుకున్నంత రాలేదు. ఇసుక బావిలోకి కొట్టుకు వచ్చి ఇబ్బంది పెట్టింది. ఉత్ప్రేరకానికైతే ప్రయోగశాలలోనే ఒక జబ్బు కనిపించింది: మాడు పట్టి దాని శక్తి తగ్గిపోవటం. ప్రయోగశాలలోని ఇసుక మనం నింపిన ఇసుక. భూమిలోని ఇసుక ఎవరి మాటా వినదు.

లాభనష్టాల పద్దు

పెద్దలు కూడా ఈ పేజీ చదువుతారు గనుక పద్దులో రెండోవైపు కూడా చెప్పాలి. కంప్రెసర్లు నడపటానికి ఎంతో శక్తి కావాలి. బావుల గొట్టాలు వేడికి, ఆమ్లాలకు తుప్పుపట్టి పాడవుతాయి. చమురుతో పాటు పైకి వచ్చే వాయువులలో విషవాయువులు కూడా ఉంటాయి, వాటిని ఊరకే గాలిలోకి వదలరాదు. భూమిలో మండినదైనా, మీ వీధిలో మోటారులో మండినదైనా, చమురు మండితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ వాయువు ఆకాశంలో పెరిగి భూమిని వేడెక్కిస్తున్నదని ఈనాడు బడిపిల్లలందరికీ తెలుసు.

అటువంటప్పుడు 87 బిందెలను భూమిలోనే ఉంచటం మేలా, తీయటం మేలా? దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కాని ఒకటి మాత్రం చెప్పగలను. బంకులో లీటరు పెట్రోలు పోయించుకోవటానికి నిమిషం పట్టదు. ఆ చమురు ఏ రాతిలోంచి, ఎంతమంది ఎన్నేళ్ళు కాపలా కాస్తే కదిలివచ్చిందో తెలిసినవాడు, సందు చివర కొట్టుకు మోటారు సైకిలు మీద పోడు, నడిచిపోతాడు.

ఇక మీకు మూడు ప్రశ్నలు. పుస్తకం మూసి జవాబులు రాయండి.

1. నిప్పు వరస రోజుకు 8 సెంటీమీటర్లు కదిలితే, 146 మీటర్ల దూరంలో ఉన్న బావిని చేరటానికి ఎన్నేళ్ళు పడుతుంది?

2. చమురుబావి నుంచి వచ్చే వాయువులో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ప్రాణవాయువు పెరుగుతున్నది. లోపల ఏం జరిగి ఉంటుంది? మీట మీ చేతిలో ఉంటే మీరేం చేస్తారు?

3. వంద బిందెలలో 42 బిందెలు పైకి వచ్చాయి, 8 బిందెలు మండిపోయాయి. రాతిలో ఇంకా ఎన్ని మిగిలాయి? వాటిని తీయటానికి మీకు ఏదైనా ఉపాయం తోస్తే, అది కూడా రాయండి. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటివరకు ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు.